మా మేనకోడలి చుక్క

విజయనగరంలో మా చెల్లెలి ఇంట్లో హాల్లోకి అడుగు పెట్టగానే టీవీ పైన ఒక ఫ్రేము కనపడుద్ది. నీలం కాయితం మీద బంగారు రంగు అక్షరాలు, కింద ఒక సీలు, మధ్యలో మా మేనకోడలి పేరు. ఫలానా నక్షత్రానికి ఈ రోజు నుంచి ఈ పాప పేరు పెట్టామని ఇంగ్లీషులో రాసుంటాది. పాప మొదటి పుట్టినరోజుకి వాళ్ళ బాబాయి ఆన్‌లైన్లో డబ్బులు కట్టి తెప్పించాడు, ప్రేమతోనే తెప్పించాడు, అందులో నాకే అనుమానమూ లేదు. ఇప్పుడు పాపకి ఆరేళ్ళు. మొన్న కార్తీకమాసం చివర్లో అందరూ మా ఊరొచ్చారు, కళింగపట్నానికి దగ్గర్లోనే మా ఊరు, రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాపలేసుకుని కబుర్లు చెప్పుకుంటుంటే కరెంటు పోయింది. అమావాస్య రోజులు, చుక్కలన్నీ ఒక్కసారి కిందకి దిగినట్టయింది. అప్పుడడిగింది, "మావయ్యా, నా చుక్క ఏదీ?" అని.

చూపించలేకపోయాను. మా చెల్లి ఫోన్లో ఆ సర్టిఫికెట్ ఫొటో ఉంటే అందులో అంకెలు చూసి యాప్‌లో కొట్టాను, ఆ చుక్క మామూలు కంటికి కనపడేది కాదు, టెలిస్కోపుంటే తప్ప అందదు. పాప నా వేలు పట్టుకుని పైకి చూస్తానే ఉంది. "అదా? ఇదా?" అంటాది. ఆ ఖాళీ చీకటి వైపు వేలు పెట్టి "అదిగో" అనొచ్చు నేను, పిల్ల నమ్మేసేది. అనలేకపోయాను. ఆ రాత్రి నుంచీ ఇది నన్ను వదల్లేదు.

ముందు ఈ అమ్మకం సంగతి చెప్పేస్తాను. చుక్కల పేర్లు ఖాయం చేసేది అంతర్జాతీయ ఖగోళ సంఘం, వాళ్ళు పేర్లు అమ్మరు, ఎవరైనా అమ్మితే గుర్తించరు కూడా. డబ్బులు తీసుకున్న కంపెనీ తన సొంత పుస్తకంలో పాప పేరు రాసుకుంటాది, అంతే. అదే చుక్కని ఇంకో కంపెనీ ఇంకో ఊళ్ళో ఇంకో పిల్లకి అమ్మినా అడిగే నాథుడు లేడు. కానీ నా బాధ డబ్బులు పోయాయని కాదు. ఆ పిల్లకి చుక్క ముందే ఉంది. పుట్టిన పదకొండో రోజున మా పంతులుగారు పంచాంగం తిప్పి రేవతి నక్షత్రం అని చెప్పి, దే, దో, చా, చీ అక్షరాల్లో పేరు పెట్టుకోమన్నారు, ఇంట్లో వాళ్ళు పెట్టుకున్నారు కూడా. అంటే ఎప్పటి నుంచో పేరున్న చుక్కని ఇంట్లో పెట్టుకుని, పేరు లేని చుక్క ఒకటి కొనుక్కొచ్చి గోడకి తగిలించాం.

ఇంకో సంగతి తెలిస్తే మా చెల్లెలి మరిది చాలా సంతోషిస్తాడు. రేవతి ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న అధికారిక పేరు. ఖగోళ సంఘం 2016లో చుక్కల పేర్లని ఒక దారికి తేవడానికి ఒక బృందాన్ని పెట్టింది. ఒకే చుక్కకి నాలుగైదు పేర్లు, ఒకే పేరు రెండు మూడు చుక్కలకి, స్పెల్లింగు ఎవరిష్టం వాళ్ళది, ఆ గందరగోళం తగ్గించడానికి. ఆ బృందం గ్రీకు, అరబ్బీ పేర్లతో ఆగిపోకుండా చైనా పేర్లు, ఆస్ట్రేలియా ఆదివాసుల పేర్లు కూడా తీసుకుంది. మనవైపు నుంచి భరణి తీసుకున్నారు, మేషరాశిలో 41వ నంబరు చుక్కకి. రేవతి తీసుకున్నారు, మీనరాశిలో జీటా అనే చుక్కకి. చిన్న చుక్క అది, వెలుతురున్న ఊళ్ళో అస్సలు కనపడదు, మా ఊళ్ళాంటి చోట కరెంటు పోయి చంద్రుడు కూడా లేకపోతే కంటికి అందీ అందనట్టు ఉంటాది. అంత మసక చుక్కని మన పాతవాళ్ళు ఎందుకు పట్టించుకున్నారంటే అది ఉన్న చోటు అలాంటిది. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం దాన్ని 359 డిగ్రీల 50 కళల దగ్గర పెట్టింది, డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ, అంటే రాశిచక్రం పూర్తవడానికి 10 కళలు మాత్రమే తక్కువ. చక్రం అయిపోయి మళ్ళీ మొదలయ్యే చోట దీపం పెట్టినట్టు. వెలుగుని బట్టి కాదు, పనిని బట్టి పేరొచ్చింది దానికి.

నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. చుక్కకి పేరంటే ఒక మనిషి ఇంకో మనిషికి వేలు పెట్టి చూపించడానికి పెట్టుకున్న మాట. చూపించడం ఆగిపోతే పేరు పంచాంగంలో ఉండొచ్చు, జాతకంలో ఉండొచ్చు, శుభలేఖ మీద ఉండొచ్చు, చుక్కకి మాత్రం దూరమైపోద్ది. మనకి జరిగింది అదే. "మీ నక్షత్రం ఏటండీ" అంటే మా వైపు చదువుకోని ముసలమ్మ కూడా టక్కున చెప్పేస్తాది. అది ఆకాశంలో ఎక్కడుందో చూపించమంటే ఇంజనీర్లు, టీచర్లు, గుడికెళ్ళి తన పేరు మీద, నక్షత్రం మీద అర్చన చేయించుకునేవాళ్ళు, ఎవరూ చెప్పలేరు. నేనూ నలభై ఏళ్ళొచ్చేదాకా చెప్పలేకపోయాను.

మా అమ్మమ్మ చెప్పేది. ఆవిడకి కృత్తిక అన్న మాట కార్తెగానే తెలుసు, ఆకాశంలో మాత్రం దాన్ని పిల్లలకోడి అనేది. చలికాలం రాత్రి వాకిట్లో మంచం మీద పడుకోబెట్టి "అదిగో సూడు, పిల్లలకోడి, ఎన్ని పిల్లలున్నాయో లెక్కెట్టు" అనేది, నేను ఆరు దగ్గర ఆగిపోయేవాణ్ణి, ఆవిడ ఏడు అనేది. ఆ ఏడోదాని కోసం ఎన్ని రాత్రులు చూశానో. చాలా ఏళ్ళ తర్వాత ఒక సంగతి తెలిసి ఒళ్ళు జలదరించింది, ఇటలీ రైతులు కూడా ఆ గుంపుని కోళ్ళనే పిలుస్తారు, ఫ్రాన్స్ పల్లెల్లో అది కోడిపిల్లల గుంపు. మా అమ్మమ్మ విశాఖపట్నం దాటి వెళ్ళలేదు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదిది, చీకట్లో దగ్గరదగ్గరగా ముడుచుకున్న చిన్న చిన్న చుక్కలు చూస్తే కోళ్ళు పెంచేవాళ్ళకి ఎక్కడైనా అదే గుర్తొస్తాది. జపాన్‌లో దాన్నే సుబారు అంటారు, ఆ పేరుతో కార్లొస్తాయి, ఆ కారు ముందు గుర్తులో ఉన్న ఆరు చుక్కలు మన కృత్తికే.

దీనికి పూర్తిగా ఎదురు మా పెళ్ళిలో జరిగింది. తెల్లవారుజామున ముహూర్తం, అరుంధతిని చూపించే వేళకి పొద్దున్న ఎనిమిదైంది, మండపం బయటికి తీసుకొచ్చి నిలబెట్టారు, ఎండ మొహం మీద కొడతా ఉంది. పురోహితుడు ఉత్తరం వైపు చెయ్యి చూపించి "కనపడిందా అమ్మా" అన్నారు. మా ఆవిడ నన్ను చూసింది, నేను ఆవిణ్ణి చూశాను, ఇద్దరం "కనపడిందండీ" అన్నాం. అందరూ అదే అంటారు, వాళ్ళ అమ్మానాన్నలూ అదే అనుంటారు. పెళ్ళిలో ఇద్దరూ కలిసి మొట్టమొదట ఆడే అబద్ధం అదైపోయింది మనకి. నాకది బాధగా ఉంటాది, ఎందుకంటే ఆ తంతు నిజంగా చూడ్డం నేర్పించే తంతు. సప్తర్షుల్లో తోక వైపు నుంచి రెండోది వశిష్ఠుడు, దాని పక్కనే అంటుకున్నట్టు సన్నగా ఉండేది అరుంధతి. సన్నదాన్ని నేరుగా చూపిస్తే దొరకదు, అందుకని ముందు దాని దగ్గరున్న పెద్ద చుక్క చూపించి, కన్ను అక్కడ నిలబడ్డాక "దాని పక్కన" అంటారు. పండితులు దీన్నే అరుంధతీ న్యాయం అన్నారు, తెలిసినదాని మీదుగా తెలియనిదానికి తీసుకెళ్ళడం అని. వేదాంతం చెప్పేటప్పుడు ఈ న్యాయాన్ని వాడతారు, కానీ అది పుట్టింది వాకిట్లో నిలబడి వేలు చాపడం లోంచి. వేసవి పెళ్ళిళ్ళలో రాత్రి తొమ్మిదికి ఒక్క ఐదు నిమిషాలు బయటికి తీసుకొస్తే చాలు, మే నెలలో ఆ టైముకి సప్తర్షులు ఉత్తరాన సగం ఎత్తులో నిలబడి ఉంటారు, తంతు పొద్దున్నే అయిపోయినా మళ్ళీ చూపించొచ్చు, ఏ శాస్త్రమూ వద్దనదు.

వశిష్ఠుణ్ణి ప్రపంచం మిజార్ అంటాది, అది అరబ్బీ మాట, నడుముకి కట్టుకునే గుడ్డ అని అర్థం. ఇక్కడే కొంతమందికి కోపమొస్తాది, మన పేర్లు తీసేసి వాళ్ళ పేర్లు పెట్టేశారని వాట్సాప్‌లో తిరుగుతా ఉంటాయి. ఆ కోపంతో నేను ఏకీభవించను, ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

క్రీస్తుశకం 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ అనే ఖగోళ పండితుడు వెయ్యికి పైగా చుక్కల పట్టిక రాశాడు. అందులో సొంత పేరున్నవి చాలా తక్కువ, మిగిలినవన్నీ ఫలానా బొమ్మ భుజం మీదున్నది, తోక చివరున్నది అని గుర్తులే. ఆ పుస్తకం తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అరబ్బీలోకి వెళ్ళింది, ఆ గుర్తుల్ని అరబ్బీలో రాసుకున్నారు, వాటికి తోడు ఎడారిలో ఒంటెలు తోలుకునేవాళ్ళు ముందు నుంచీ పిలుచుకునే సొంత పేర్లు ఉండనే ఉన్నాయి. 964లో అల్ సూఫీ అనే ఖగోళ పండితుడు ఈ రెండిటినీ దగ్గర పెట్టి బొమ్మలతో సహా పుస్తకం రాశాడు. 1175లో స్పెయిన్‌లోని టొలీడోలో టాలెమీ పుస్తకాన్ని అరబ్బీ నుంచి లాటిన్‌లోకి మార్చారు. ఇలా చేతులు మారుతా మారుతా పేర్లు అరిగిపోయాయి. మన ఆరుద్ర చుక్కనే తీసుకోండి, ఎర్రగా ఉండేది, దాన్ని ప్రపంచం బెటల్‌జూస్ అంటాది. అసలు అరబ్బీ పేరు యద్ అల్ జౌజా, జౌజా చెయ్యి అని, ఆ చుక్కలున్న బొమ్మని వాళ్ళు జౌజా అనేవాళ్ళు. అరబ్బీ రాతలో మాట మొదట 'య'కి కింద రెండు చుక్కలుంటాయి, 'బ'కి ఒకటే. ఎవరో రాసినప్పుడో చదివినప్పుడో ఒక చుక్క తప్పిపోయింది, 'య' కాస్తా 'బ' అయింది, ఇప్పుడు ప్రపంచమంతా పలికేది ఆ తప్పునే. దీన్ని చూసి నవ్వుకోడానికి లేదు, మనవాళ్ళు ఆర్ద్రని ఆరుద్ర చేశారు, చిత్రని చిత్త చేశారు, మఘని మఖ చేశారు, పూర్వఫల్గుణి అంత పొడుగు పేరుని పుబ్బ చేసి పారేశారు. పొలం గట్టు మీద నిలబడి వానెప్పుడొస్తాదా అని చూసే మనిషికి పూర్వఫల్గుణి అనేంత తీరికెక్కడిది. అరిగిందంటే వాడారనే.

పేరు ఎవరు పెట్టారన్నది కూడా అంత పెద్ద విషయం కాదు. ఇటలీలో పలేర్మో అబ్జర్వేటరీ వాళ్ళు 1814లో వేసిన పట్టికలో ధనిష్ఠ గుంపులోని రెండు చుక్కలకి సువాలోసిన్, రోటనేవ్ అని పేర్లు కనిపించాయి. ఏ భాషా కాదవి. రెండిటినీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వెనక నుంచి చదివితే నికొలాస్ వెనేటర్ అని వస్తాది, అబ్జర్వేటరీలో పనిచేసే నికోలో కాచియాటోరే పేరుకి లాటిన్ రూపం. తన పేరు తానే ఎక్కించుకున్నాడంటారు, అయినా తర్వాత పట్టికలన్నీ ఎత్తిరాసుకుంటా పోయాయి, ఖగోళ సంఘం కూడా ఒప్పుకుంది. 1930ల చివర్లో బ్రిటిష్ వైమానిక దళం కోసం దారి చూసుకునే చుక్కల పట్టిక తయారు చేస్తుంటే రెండిటికి పేర్లు లేవు, పైలట్లకి అన్నిటికీ పేర్లు కావాలన్నారు, సరే అని ఒకదానికి పీకాక్, ఇంకోదానికి ఆవియర్ అని పెట్టేశారు. అవీ నిలబడ్డాయి. రాత్రిపూట విమానంలో ఒకడు ఆ పేరు చెప్తే పక్కవాడు దాన్ని వెతికి కోణం కొలిచేవాడు కాబట్టి నిలబడ్డాయి. మా పాప సర్టిఫికెట్‌కి లేనిది సరిగ్గా ఇదే, ఆ పేరు చెప్తే తలెత్తేవాడు ఇంకొకడు లేడు.

మనవి నిలబడింది వ్యవసాయం వల్ల. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు, అదే కార్తె. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, మృగశిర చిందిస్తే ముసలెద్దు రంకేస్తాది, చిత్త కురిస్తే చింతలు కాస్తాయి, ఇవి మా నాన్న నోట్లోంచి రోజూ వినేవాణ్ణి. తొలకరికి పొలంలో మఖ్‌మల్ గుడ్డలా ఎర్రగా మెరిసే పురుగు కనపడేది, దాన్ని ఆరుద్ర పురుగు అంటాం, అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాళ్ళం. అయితే ఇందులో ఒక చిక్కుంది, ఇది అర్థమయ్యాక చాలా సేపు అలా కూర్చుండిపోయాను. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి దగ్గరున్న రోజులు. అంటే మే నెలాఖర్లో రోహిణి చుక్క సూర్యుడితోపాటే పొడిచి సూర్యుడితోపాటే కుంకుతాది, రాత్రి ఆకాశంలో ఉండదు. ఏ పేరుని ఊరంతా ఎక్కువగా పలుకుతామో ఆ రోజుల్లోనే ఆ చుక్క కనపడదు. కార్తె ఒక్కటే పట్టుకుని కూర్చుంటే చుక్కని మర్చిపోవడం ఖాయం. చూపించే లెక్క నెలలో ఉంది. కార్తీక పున్నమికి చంద్రుడు కృత్తిక దగ్గరుంటాడు, మార్గశిర పున్నమికి మృగశిర దగ్గర, చైత్ర పున్నమికి చిత్త దగ్గర. నెల పేరే చిరునామా, చంద్రుడే వేలు పెట్టి చూపిస్తాడు. చెరువులో దీపాలొదలడానికి వెళ్ళినప్పుడు ఒక్కసారి తలెత్తితే అమ్మమ్మ పిల్లలకోడి ఆ వెన్నెల్లోనే కొంచెం వెలిసిపోయి ఉంటాది.

ఒకటి ఒప్పుకోవాలి, నాది స్వాతి అంటే ఆ చుక్క కింద పుట్టామని కాదు. ఆకాశాన్ని 27 సమభాగాలు చేస్తే ఒక్కోటి 13 డిగ్రీల 20 కళలు, పుట్టిన వేళకి చంద్రుడు ఏ భాగంలో ఉంటే అది మన నక్షత్రం. స్వాతి చుక్కయితే చంద్రుడి దారికి చాలా ఉత్తరాన ఉంటాది, చంద్రుడు దాని దగ్గరికి ఎప్పటికీ వెళ్ళడు. జాతకాల నమ్మకం ఎవరిది వాళ్ళది, దాని జోలికి నేను పోను. నా గొడవంతా ఆ పేరు మోసే వెలుగు ముక్క గురించి.

ఈ వెలుగు ముక్కల్ని చూడ్డానికి మన ఉత్తరాంధ్ర ఎంత మంచి చోటో మనకి తెలీదు. శ్రీకాకుళం 18 డిగ్రీలు దాటి కొంచెం ఉత్తరాన ఉంది. ధ్రువుడు ఎంత ఎత్తులో ఉంటాడంటే ఊరి అక్షాంశం ఎంతో అంత, అంటే ఇక్కడ 18 డిగ్రీలు, చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే దాదాపు 10 డిగ్రీలు కాబట్టి ఇంచుమించు రెండు పిడికిళ్ళు. ఇప్పుడు దక్షిణానికి తిరగండి, అగస్త్యుడనే చుక్క తన పూర్తి ఎత్తుకి లేస్తే ఇక్కడ 19 డిగ్రీలు. అటు ధ్రువుడు, ఇటు అగస్త్యుడు, మధ్యలో మనం, తాసు సరిగ్గా తూగినట్టు. ఏథెన్స్‌లో అగస్త్యుడు అసలు కనపడడు. ఢిల్లీలో 9 డిగ్రీలు కూడా లేవడు. వింధ్య దాటి దక్షిణానికి వెళ్ళిన ముని కథ ఈ చుక్కకి ఎందుకు తగిలిందో దక్షిణానికి నడిచినవాడికి తెలుస్తాది, నడిచేకొద్దీ అది పైకి లేస్తా ఉంటాది.

స్వాతి సంగతి ఇంకా బాగుంటాది. అది మన నెత్తి మీదుగా, దాదాపు సూటిగా వెళ్తాది. హవాయి దీవులు కూడా ఇంచుమించు మన అక్షాంశంలోనే ఉన్నాయి, అక్కడివాళ్ళు స్వాతిని హొకులేయా అంటారు, ఆనందాన్నిచ్చే చుక్క అని. సముద్రం మీద ఆ చుక్క నెత్తి మీదుగా వెళ్తోందంటే ఇంటి అక్షాంశానికి వచ్చేసినట్టు లెక్క. ఆ పేరుతోనే 1970ల్లో ఒక తెరచాప పడవ కట్టి 1976లో ఏ పరికరాలూ లేకుండా తాహితి దాకా వెళ్ళారు. వాళ్ళ పేరు అలా మళ్ళీ సముద్రమెక్కింది. మా కళింగపట్నం తీరంలో ఇప్పుడందరి చేతిలో జీపీఎస్ ఉంది, ఉండాలి కూడా, ప్రాణాలతో పని. కానీ ఆ మధ్య పడవ దగ్గర వల సరిచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని చుక్కల గురించి అడిగితే "పేర్లు నాకేటి తెలుస్తాయి బావూ, ఏ యేళకి ఏది ఎక్కడుంటాదో తెలుసు, మా గుంటలకి అదీ తెల్దు" అన్నాడు. ఆయన దగ్గర చుక్కలున్నాయి పేర్లు లేవు, మన దగ్గర పేర్లున్నాయి చుక్కలు లేవు. ఇద్దరికీ మధ్య దూరం మా ఊరి నుంచి నాలుగు కిలోమీటర్లు.

మనవైపు ఇది కొత్త కూడా కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే చూసి లెక్కలు కట్టారు. బళ్ళో నాకు ఒక్క పాఠంలో కూడా ఈ సంగతి చెప్పలేదు. అయిదో క్లాసు పిల్లలకి సంవత్సరంలో నాలుగు రాత్రులు, నాలుగంటే నాలుగు, ఊరి చివర మైదానంలో నిలబెట్టి ఆరుద్ర, స్వాతి, చిత్త, జ్యేష్ఠ చూపిస్తే సరిపోద్ది, బెటల్‌జూస్ అన్న పేరు కూడా పక్కనే చెప్పాలి, రెండూ వాళ్ళవే.

ఆ రాత్రి డాబా మీద మా పాపకి రేవతి చూపించడానికి చాలా కష్టపడ్డాను. ఉత్తరాభాద్రకీ అశ్వినికీ మధ్యలో, కొంచెం దక్షిణానికి దిగి వెతకాలి. నాకు దొరికింది, నేరుగా చూస్తే మాయమైపోతాది, పక్కకి చూస్తే కనపడుద్ది. "కనపడిందా" అన్నాను. "లేదు మావయ్యా" అంది. "మళ్ళీ చూడు." "లేదు." నేను చెయ్యి పట్టుకుని పిల్లలకోడి వైపు తిప్పాను, ఆరు లెక్కపెట్టింది, ఏడోది ఉందని కొట్లాడింది, ఈలోగా కరెంటొచ్చేసింది, వీధిలైటు మొహం మీద పడింది.

శివరాత్రికి రమ్మన్నాను వాళ్ళని. ఎలాగూ అందరూ మేలుకునే రాత్రి, చంద్రుడుండడు. ఫిబ్రవరి నెలాఖర్లో పడితే ఎనిమిదింటికి అగస్త్యుడు సరిగ్గా దక్షిణాన ఉంటాడు, రోహిణి నెత్తి దాటి పడమటికి వాలతా ఉంటాది, పునర్వసు పైకొస్తాది, తూర్పున మఖ. తొమ్మిదీ తొమ్మిదిన్నర మధ్యలో చిత్తా స్వాతీ పొడుస్తాయి, సప్తర్షుల తోక వంపుని అలాగే పొడిగించుకుంటా పోతే ముందు స్వాతి, తర్వాత చిత్త. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకి కొంచెం ముందు జ్యేష్ఠ ఎర్రగా లేస్తాది, మూడు దాటాక శ్రవణం. రేవతి మాత్రం ఆ రోజుల్లో చీకటి పడేసరికే పడమటికి బాగా దిగిపోయి ఉంటాది, తొమ్మిదింటికల్లా కుంకిపోతాది, దానికి మళ్ళీ కార్తీకం దాకా ఆగాలని పాపకి ముందే చెప్పాను. నాలుగింటి దాకా మేలుకుంటే స్వాతి నెత్తి మీద ఉంటాది, మెడ ఎత్తక్కర్లేదు, చాప మీద వెల్లకిలా పడుకుంటే చాలు.